నీలాపురం పేగు

పొద్దున్నే పంపుహౌసుకి వెళ్లగానే సత్యవేణి చేసే మొదటి పని, నేలలోంచి పైకి తేలిన లావుపాటి గొట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడటం. అక్కడ గొట్టానికి ఇనుము బదులు రబ్బరు తొడుగు ఉంటుంది. లోపలినుంచి ఒక అల మెల్లగా వచ్చి చేతి కిందుగా దాటిపోయేది. కాసేపాగి ఇంకొకటి. ఊరు నిద్రలేచి మొహాలు కడుక్కునే వేళకి అలలు తొందరపడేవి, మధ్యాహ్నం భోజనాలయ్యాక బద్ధకించేవి. అది చూసుకోకపోతే ఆమెకి కాఫీ సహించేది కాదు.

గొట్టంలో ఉన్నది పేగు. ఆ పేరు ఊరివాళ్లు పెట్టారు. సత్యవేణి తన పరిశోధన పత్రంలో పెట్టిన పేరు ఇంకోటుంది గాని, దాన్ని తడబడకుండా పలికినవాడు నీలాపురం మునిసిపాలిటీలో ఇంతవరకూ పుట్టలేదు. ఆమె ప్రయోగశాలలో గాజుతొట్టెలో పెంచిన ప్రాణమున్న కండ అది. మన కడుపులో పేగు అన్నాన్ని తోసినట్టే, బిగుసుకుంటూ సడలుతూ ఊరి మురుగుని ముందుకి తోస్తుంది. తోస్తూ తోస్తూ తనకి కావలసింది అందులోంచే తినేస్తుంది. దానికి కరెంటూ అక్కర్లేదు, డీజిలూ అక్కర్లేదు. పాత గొట్టం మూతి దగ్గర చిన్న ముక్క అంటిస్తే చాలు, గోడ పట్టుకుని తనంతట తనే పాకుతూ పెరిగిపోతుంది. రోడ్లు తవ్వే పని తప్పిందని జనం సంతోషించారు. తవ్వకపోతే ఎలాగయ్యా అని బెంగపెట్టుకున్న పెద్దమనుషులు కూడా లేకపోలేదు, వాళ్ల సంగతి మనకెందుకు.

అంతకుముందు పంపుహౌసులో తాతలనాటి మోటార్లుండేవి. వాన పడితే చాలు మొరాయించేవి. అవి మొరాయిస్తే ఊరి మురుగంతా పల్లంలో ఉన్న కంచరపేట ఇళ్లలోకి ఎదురెక్కేది. అప్పుడు మునిసిపాలిటీ జీపు ఎప్పుడూ ఒకే వీధికి పోయేది. ఆ వీధిలోంచి ఒకణ్ని తెచ్చి పంపుహౌసు మురుగు బావిలోకి దింపేవాళ్లు. మోటారు మూతికి చుట్టుకున్న గుడ్డలూ జుట్టూ చేత్తో తీసి అతను పైకి రావాలి. ఆ వీధిలోనే ఉండే బంగారి మొగుడు అలా దిగి పైకి రాలేదు. ఆ తరవాత పంపుహౌసు కాపలా ఉద్యోగం బంగారికిచ్చారు.

పేగు వేసే ముందు సత్యవేణి ఆ వీధికి వెళ్లి, జనం మధ్యలో నిలబడి మాటిచ్చింది. "ఇక మీవాళ్లెవరూ దిగక్కర్లేదు. నాదీ పూచీ" అంది. చప్పట్లు కొట్టినవాళ్లు కొట్టారు. బంగారి మాత్రం చీరకొంగు నడుముకి దోపుకుని, "సూద్దారి డాట్రమ్మా" అని ఊరుకుంది.

చూశారు కూడా. పేగు వచ్చాక ఎన్ని వానలు పడ్డా కంచరపేట గుమ్మాలు తడవలేదు. మోటార్లు తుక్కుకి పోయాయి. జీపు ఆ వీధి మొహం చూడలేదు. బంగారికి పని తేలికైంది. గొట్టం మీద చెయ్యి వేసి చూడటం, ఎండాకాలంలో మురుగు పలచబడితే పేగుకి ఇంత బెల్లం నీళ్లు పొయ్యడం. పెరట్లో ఉన్న ఉప్పునీళ్ల ట్యాంకుని కనిపెట్టుకుని ఉండటం కూడా ఆమె పనే. పేగు ఎప్పుడైనా అదుపు తప్పి ఇళ్ల గొట్టాల్లోకి పెరగడం మొదలెడితే దాన్ని చంపడానికి సత్యవేణే కట్టించిన ట్యాంకు అది. అందులోంచి సన్నటి పైపులు ఊళ్లోని ప్రతి చాంబరుకీ వెళ్తాయి. ట్యాంకుకున్న చక్రం తిప్పితే చిక్కటి ఉప్పునీళ్లు దూకుతాయి. ఉప్పు తగిలిందా, పేగు చస్తుంది. ఆ చక్రాన్ని తిప్పే అవసరం ఎప్పుడూ రాలేదు.

సత్యవేణి మొగుడు తవిటినాయుడు ఆమెకి మేనత్త కొడుకే, ఆ ఊరికే మునిసిపల్ ఇంజనీరు. కొత్త కాలనీల్లో భూమి కింద పైపులైన్లు వేయించడం అతని పని, వాటిలో పేగు నాటడం ఆమె పని. "ఒకలు గొట్టాలేస్తారు, ఒకలు పేగులేస్తారు. ఇంట్లో పొయ్యి మీద ఎసరెయ్యడానికి నానొక్కర్తినే" అని సూరీడమ్మ దెప్పిపొడుస్తుండేది. సూరీడమ్మ అతని తల్లి, ఈమెకి అత్త. దెప్పుతూనే ఇద్దరికీ వేడివేడిగా వడ్డించేది.

ఆ ఏడు సంబరం దగ్గరపడింది. గెడ్డపోలమ్మ సంబరమంటే నీలాపురంలో అల్లాటప్పా కాదు. వాగుని ఆ ప్రాంతంలో గెడ్డ అంటారు. దాని ఒడ్డున అమ్మవారి గుడి. సంబరం నాడు ఇంటింటినుంచీ ఆడవాళ్లు కుండల నిండా నీళ్లు నింపి, పసుపు దండిగా కలిపి, వేపరెమ్మలు వేసి, నెత్తిన పెట్టుకుని వెళ్తారు. దాన్ని ముర్రాట అంటారు. తల్లి చల్లబడాలని ఆ ముర్రాట గుడి ముందు కుమ్మరిస్తారు. ఊరంతా కుమ్మరించాక అక్కడ కాలు పెడితే పిక్కలదాకా బురద. కిందటేడు సూరీడమ్మ ఆ బురదలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"ఊరందరికీ కాలవలు కడతావు. తల్లి గుడి కాడ జానెడు కాలవ కట్టలేవేట్రా?" అని ఆమె కొడుకుని ఎన్నోసార్లు నిలదీసింది.

చివరికి తవిటినాయుడు గుడి ముందు సిమెంటు గచ్చు పోయించాడు. వాలు పెట్టించి, నీళ్లు పోయే దారి చూసి, పక్కనే ఉన్న మురుగు చాంబరులోకి పైపు కలిపించాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ రాత్రి అన్నం తింటూ పెళ్లానికి చెప్పాడు.

"గుడి కాలవ మన లైన్లోకే కలిపాను సత్యా."

"ఏం నీళ్లొస్తాయి బావా అందులోకి?"

"ముర్రాటే. ఇంకేముంటాయి?"

"అయితే ఫర్లేదు" అంది సత్యవేణి, ముద్ద కలుపుకుంటూ.

అక్కడ జరిగింది పొరపాటు. ఆమె ఆ పేగుకి పెట్టని పరీక్ష లేదు. సబ్బునీళ్లు పోసి చూసింది, ఫినాయిలు పోసింది, బ్లీచింగు పోసింది, ఆసుపత్రి కాలవలో నీళ్లు తెచ్చి పోసింది, తలకేసుకునే రంగు కూడా పోసి చూసింది. పసుపునీళ్లు మాత్రం పొయ్యలేదు. మురుగులో కలిసే మురికి ఏమిటేమిటా అని తలబద్దలుకొట్టుకున్న మనిషికి, పసుపు ఆ లెక్కలోకే రాలేదు. పసుపు మురికి కాదు కదా! దెబ్బ తగిలితే పెట్టేది పసుపు, పురుగు పట్టకుండా కలిపేది పసుపు. పుండులో పురుగుని చంపేది పేగుని మాత్రం ముద్దు పెట్టుకుంటుందా అన్న ఆలోచన, అంత చదువుకున్నావిడకి, తన ఇంటి పసుపు డబ్బా రోజూ చూస్తూ కూడా తట్టలేదు.

సంబరం మంగళవారం. సత్యవేణి కూడా కొత్తచీర కట్టుకుని, నెత్తిన ముర్రాట పెట్టుకుని, డప్పుల వెనక నడిచింది. గచ్చు మీద పచ్చటి నీళ్లు జరజరా జారి పైపులోకి పోతుంటే ఆడవాళ్లంతా ఇంజనీరు బాబుని మెచ్చుకున్నారు. సూరీడమ్మ మొహం వెలిగిపోయింది.

ప్రసాదం చేతిలో ఉండగానే బంగారి దగ్గరినుంచి ఫోనొచ్చింది.

"డాట్రమ్మా, గొట్టం కదల్డం నేదు."

ఆటో ఎక్కి పంపుహౌసుకి పరుగెత్తింది సత్యవేణి. అరచెయ్యి ఆనించింది. ఏమీ లేదు. చెయ్యి మార్చి చూసింది, చెంప ఆనించి చూసింది. ఇంత కాలంలో అది ఊపిరి బిగబట్టడం ఆమె ఎరగదు. కొంగుకంటిన పసుపు చూసుకున్నాక గాని ఆమెకి జరిగింది తట్టలేదు. తట్టగానే ప్రయోగశాలకి పరుగెత్తింది.

అక్కడ పేగులోంచి వేలెడంత ముక్కని తొట్టెలో వేసి పసుపునీళ్లు పోసింది. అది గుప్పెట ముడిచినట్టు ముడుచుకుపోయి అలాగే ఉండిపోయింది. మంచినీళ్లతో ఎంత కడిగినా సడలలేదు. పసుపు మరక నీళ్లకి పోదని, నూనెకి పోతుందని వంటింట్లో చెయ్యి పెట్టినవాళ్లెవరైనా చెబుతారు. ఆముదం రాసి చూసింది. కాసేపటికి ముక్క సడలింది. సడలిన మరుక్షణం తొట్టెలోంచి ఎగిరిపడేంత గట్టిగా ఒకసారి విదిలించుకుంది. బతికే ఉంది! ఆ సంతోషంలో ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

ఇక్కడ ఈమె సంతోషం ఇలా ఉండగా, మర్నాటికి కంచరపేటలో మురుగు గుమ్మాలు దాటింది. గుడి కింద పేగు ముడుచుకుపోయి పంపుహౌసుకి పోయే దారి మూసుకుంది. పైనున్న పేగు మామూలుగా తోస్తూనే ఉంది. తోసింది ముందుకి పోలేక వెనక్కి తన్ని, పల్లంలో ఉన్న ఇళ్లలో తేలింది. జనం బియ్యం బస్తాలు మంచాలెక్కించి, పిల్లల్ని బడికి తరలించారు. కమిషనర్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుడి దగ్గరికొచ్చారు.

"ఉప్పు వదిలి చంపేద్దామండి. పీడా పోతుంది" అన్నారాయన.

"చస్తే ఊరి గొట్టాలన్నిటా చచ్చిన కండ ఉండిపోతుంది సార్. గోడకి అంటుకుని పెరిగింది, ఏ మిషనూ లాగలేదు. మనిషి దిగి కత్తితో కోసి, చేత్తో తియ్యాలి. ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేను" అంది సత్యవేణి. "ముడుచుకున్నచోట ఆముదం పట్టిస్తే లేస్తుంది."

"పైనుంచి పొయ్యండి మరి!"

"పోశాం. ముడత మీదనుంచి జారిపోతోంది. చాంబరులోకి దిగి ముడతల్లోకి రుద్దాలి."

దిగాలి అన్న మాట ఆమె నోటినుంచి రావడమేమిటి, కమిషనర్ గారు డ్రైవరుకి సైగ చెయ్యడమేమిటి. జీపు బయల్దేరింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. తిరిగొచ్చినప్పుడు అందులోంచి బంగారి మరిది కన్నయ్య దిగాడు. ఎన్నాళ్లుగానో రోడ్డు పక్క కూరగాయలమ్ముకుంటున్న మనిషి. చాంబరు మూత వైపు చూసి, ఒక్క మాటైనా అడక్కుండా చొక్కా గుండీలు విప్పుకోసాగాడు.

సత్యవేణి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు కన్నయ్యా. నువ్వు దిగడానికి వీల్లేదు."

"మరెవులు దిగుతారమ్మా?" అన్నాడు కన్నయ్య. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

"కాలవ కలిపింది నేను. నేనే దిగుతాను" అన్నాడు తవిటినాయుడు.

సూరీడమ్మ లబోదిబోమంది. అమ్మవారి పనికి పోయినవాణ్ని ఆ తల్లే చూసుకుంటుందని నలుగురూ ఆమెని పక్కకి తీసుకెళ్లారు. ఫైరు స్టేషన్ నుంచి గాలి సిలిండరూ మాస్కూ తెప్పించారు. నడుముకి తాడు కట్టారు. కన్నయ్యా ఇంకో నలుగురూ ఆ తాడు పట్టుకున్నారు. సత్యవేణి మొగుడి మాస్కు పట్టీ బిగిస్తూ చెవిలో చెప్పింది. "లేచినప్పుడు గట్టిగా విదిలిస్తుంది బావా. కొంచెం మెత్తబడగానే పైకొచ్చెయ్. మిగతాది అదే చూసుకుంటుంది."

అతను తలూపి దిగాడు. ఆముదం డబ్బాలు ఒకదాని తరవాత ఒకటి కిందికి పంపారు. పేగు ముడతల్లోకి మోచేతులదాకా పెట్టి రుద్దుతున్నాడు. పైనుంచి చూస్తే పచ్చటి కండ మీద నూనె మెరుస్తోంది. కాసేపటికి ముడత ఒకటి విడింది. ఇంకొకటి విడింది.

"చాలు బావా, వచ్చెయ్!" అని అరిచింది సత్యవేణి.

అతను చెయ్యెత్తి, ఇంకొక్కటి అన్నట్టు వేలు చూపించాడు. పనిలో వంక ఉండకూడదు ఆ మనిషికి. లోపలి ముడత అందడం లేదని కాలు ముందుకి పెట్టి వంగాడు. సరిగ్గా అప్పుడే పేగు లేచింది.

రోజంతా ఆగిన మురుగంతా దాని వెనక ఉంది. విదిలించి, బిగుసుకుని, అందినదాన్ని అందినట్టు మింగింది. తవిటినాయుడు నడుందాకా లోపలికి పోయాడు. పైనున్నవాళ్లు తాడు లాగారు. పేగు వాళ్లకంటే గట్టిగా లాగింది. అతని కేక మాస్కులోంచి కూడా వినబడింది. ఇంకో అల వస్తే మనిషి కనబడడు. సత్యవేణి ఫోను తీసి పంపుహౌసుకి కలిపింది.

"బంగారీ! ఉప్పు వదిలెయ్! చక్రం తిప్పు!"

అవతల చక్రం కదిలిన చప్పుడు రాలేదు.

"వినబడుతోందా? బావ లోపల ఇరుక్కున్నాడు. తిప్పు!"

"ఇనబడతందమ్మా" అంది బంగారి. "ఒగ్గితే ఇది సచ్చిపోద్ది. సచ్చినదాన్ని ఎవులు తీత్తారు?"

తాడు కన్నయ్య చేతుల్లోంచి కొంచెం జారింది.

"నేను తీస్తాను! నేనే దిగి నా చేతుల్తో తీస్తాను. నీకు దణ్ణం పెడతాను బంగారీ, తిప్పు!"

ఫోనులో చక్రం కీచుమన్న చప్పుడు వినబడింది. ఆ వెంటనే చాంబరు గోడనున్న సన్నటి పైపులోంచి తెల్లటి ఉప్పునీళ్లు దూకాయి. పేగు ఆఖరిసారి బిగుసుకుంది. ఆ బిగుతుకి తవిటినాయుడి కాలు విరిగింది. తరవాత అది నోరు వదులు చేసి, ఉన్నదున్నట్టు జారిపోయింది. మనిషిని పైకి లాగారు.

ఊపిరి ఉంది. సత్యవేణి అతని తల ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బతికాడన్న ఏడుపూ, ఊరి కిందంతా చచ్చిపోతున్న దాని కోసం ఏడుపూ కలిసిపోయాయి. మొగుడు బతికినందుకు ఎంత సంతోషంగా ఉందో, తన చేతుల్తో పెంచినదాన్ని చంపించినందుకు అంత దుఃఖంగానూ ఉంది. కంచరపేట మాట ఆ పూటకి ఆమెకి గుర్తే లేదు.

ఊరికి మాత్రం గుర్తు రాక తప్పలేదు. మురుగు పీల్చే లారీలు పట్నంనుంచి వచ్చాయి. మొదటి చాంబరులోనే వాటి గొట్టాలకి కండ అడ్డంపడి ఆగిపోయాయి. అద్దె మోటారు పెట్టారు, అదీ అంతే. బడిలో తలదాచుకున్న కంచరపేట జనం బడి వరండాలోనే పొయ్యిలు పెట్టుకున్నారు. ఎండకి కుళ్లు మొదలైంది. ఊళ్లో అన్నం ముద్ద నోటికి పోవడం లేదు. ఇక ఆగి లాభం లేదని కమిషనర్ గారు జీపు తియ్యమన్నారు. అది ఎప్పటి వీధికే పోయింది.

ఆ పొద్దున తవిటినాయుడు ఆసుపత్రి మంచం మీద, కాలికి పిండికట్టుతో ఉన్నాడు. సత్యవేణి ఇంటికొచ్చి అతనికి క్యారేజీ సర్దుతోంది. గుమ్మంలో బంగారి వచ్చి నిలబడింది. భుజాన తాడు చుట్టుంది, చేతిలో కొడవలి.

"జీపొచ్చింది డాట్రమ్మా. కన్నయ్య సొక్కా ఇప్పుతున్నాడు. బయల్దేరు" అంది.

సూరీడమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చి అడ్డం నిలబడింది. "ఇదేం మాటే బంగారీ? అదేదో కంగారులో అన్నాది. అంత సదివినదాన్ని గోతిలోకి దిగమంటావేటి?"

బంగారి సూరీడమ్మ మీద గొంతు లేపలేదు.

"నాను మాత్రం కంగారు నేకుండా ఒగ్గినానేటమ్మా? ఒగ్గీసినాను. ఉప్పునీరు మల్లీ ట్యాంకులోకి రాదు కదా."

సూరీడమ్మ దారిలోంచి పక్కకి తప్పుకుంది.

సత్యవేణి క్యారేజీ మూత బిగించి అత్త చేతికిచ్చింది. "బావకి ఇచ్చి రా అత్తా. నేను సాయంత్రం వస్తానని చెప్పు" అంది. భయంగా ఉంది ఆమెకి. ఆ భయాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. దార్లో బంగారిని అడిగింది, "భయమేస్తోంది బంగారీ, తాడు నువ్వే కడతావా?" అని. బంగారి ఆగి, అక్కడే రోడ్డు మీద ఆమె నడుముకి రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, లాగి చూసింది.

చాంబరు దగ్గర కమిషనర్ గారు కంగారుపడ్డారు. "మీరెందుకండి డాక్టర్ గారూ, ఏదో వేడిలో అన్న మాటలవి. వీళ్లున్నారుగా" అన్నారు. వీళ్లు అన్నప్పుడు ఆయన చూపించిన వైపు కన్నయ్యా, ఆ వీధి మనుషులూ వరసగా నిలబడి ఉన్నారు. సత్యవేణి కన్నయ్య దగ్గరికెళ్లి, అతను విప్పిన చొక్కా తీసి అతని చేతికే ఇచ్చింది. మాస్కు తగిలించుకుని ఇనుప మెట్ల మీద కాలు పెట్టింది.

కింద చీకటి, వేడి. చచ్చిన పేగు గోడని పట్టుకుని వేలాడుతోంది. ఇంకా పసుపు మరకలున్నాయి దాని మీద. సత్యవేణి అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించబోయి, ఆగి, కొడవలి తీసుకుంది. కండ రబ్బరులా సాగింది, తెగనని మొండికేసింది. చాలాసేపు కోస్తే దోసెడు ముక్క ఊడొచ్చింది. దాన్ని బకెట్లో వేసి తాడు కుదిపింది. పైనుంచి బంగారి లాగింది. ఖాళీ బకెట్టు మళ్లీ కిందికి వచ్చింది.